ఇత్తడి రేకును నమ్ముకున్న ఊరు

అధ్యక్షపీఠంలో ఉన్న రాయ్స్ హ్యాకెట్ గారికీ, కోర్టు పెద్దలకూ, ఇంత వానలో తడుస్తూ షుగర్ క్రీమ్ పైలనే తీపి వంటకం చేసి తెచ్చిన అమ్మలకూ, నా నోటికి జడిసి వెనక బెంచీల్లో సర్దుకున్న మిత్రులకూ నమస్కారం.

నా వీడ్కోలు సభ కదా, హ్యాకెట్ గారు ఇందాక నన్ను ఆకాశానికెత్తేశారు. మంచిదే, ఇవాళ ఎంత ఎత్తున ఉంటే అంత క్షేమం, బయట వాబాష్ నది పొంగుతోంది. (నవ్వులు) నేనూ నవ్వుదామనే వచ్చాను గానీ, నా చెవి మాత్రం నేల వైపే ఉంది.

ఈ కోర్టు కచేరీ పాత పత్రాల గదిలో నా బతుకంతా మన తొలి గవర్నర్ ఎల్నాథన్ థ్రూప్ దొర కాగితాలతోనే గడిచింది. మా ఆయన హోమర్, అదిగో, రెండో వరసలో కునికిపాట్లు పడుతున్నాడే, ఆయన "నాకంటే ఆ చచ్చినాయన మీదే నీకు ధ్యాస" అని దెప్పేవాడు. (నవ్వులు) నిజం చెప్పాలంటే ఆ దొరంటే నాకు ఒళ్ళుమంట. అడవులు కొట్టించాను, కోట కట్టించాను అంటూ పేజీలకు పేజీలు సొంత డప్పే. కానీ ఆ పెట్టెల్లో ఒక ఒప్పందం ఉంది. దాని అడుగున, రాయడం రాని మయామీ అనే ఆదివాసీ తెగ పెద్ద ఒకాయన సంతకానికి బదులు కొంగ బొమ్మ గీశాడు. ఆయన వంశంలోని డెల్ఫీన్ గారు ఏటా వచ్చి ఆ కొంగను చూసుకుని వెళ్తారు. ఇవాళా వచ్చారు, కిటికీ పక్కన ఉన్నారు. మొదటిసారి వచ్చినప్పుడు నేను తెలివితక్కువగా, "మీ నేల లాక్కున్న కాగితం కదా, చూస్తే బాధగా ఉండదూ?" అన్నాను. "నేల ఎలాగూ పోయిందమ్మా. పోయిందని చెప్పే కాగితం కూడా పోతే, మేం కట్టుకథలు చెబుతున్నామంటారు" అన్నారావిడ.

ఆ కాగితం ఇప్పుడు మన కాళ్ళ కింద, కింది అంతస్తులో ఉంది. పైకి మార్చండి బాబూ అని నేను మొత్తుకున్నప్పుడల్లా హ్యాకెట్ గారు నన్ను అక్కడి గోడ దగ్గరికి తీసుకెళ్ళి, తాతల నాటి వరద ఎంతవరకు వచ్చిందో చూపే ఇత్తడి రేకును తట్టి, "అరలన్నీ దీనికి పైనే ఉన్నాయిగా, నీళ్ళు దీన్ని ఎన్నడూ దాటలేదు" అనేవారు. (వెనక నుంచి: "నిజమే!") నిజమే జెస్సప్, ఈ ఊళ్ళో పుట్టినవాళ్ళందరికీ ఆ రేకంటే బైబిలంత నమ్మకం. దాన్ని మనం చదువుకోవడానికి గోడకు కొట్టించుకున్నాం. నదికి చదువొచ్చా?

మీరు భోంచేస్తుంటే నేను కిందికి వెళ్ళొచ్చాను. నా బూట్లు చూడండి, నీళ్ళు కారుతున్నాయి. అప్పుడే కేకవేసేదాన్ని. "నీళ్ళు తోడే పంపు పెట్టించాను, జనాన్ని కంగారు పెట్టకు, ముందు ప్రసంగం కానివ్వు" అన్నారు హ్యాకెట్ గారు. సరే, మర్యాద పోతుందని భయాన్ని దిగమింగుకుని మాట్లాడుతున్నాను. ఇంతసేపూ నేల కింద పంపు గుర్రుమంటూనే ఉంది, నా మాటల వెనక మీకూ వినబడే ఉంటుంది.

ఇప్పుడు వినండి.

ఆగిపోయింది.

నాకు భయంగా ఉంది. మీరూ భయపడండి, తప్పులేదు. హ్యాకెట్ గారూ, ముందు మీరు లేవాలి. హోమర్, లే! మెట్ల మీద వరసగా నిలబడి పెట్టెల్ని చేతి నుంచి చేతికి పైకి అందిద్దాం. దొరగారి డప్పు చివర్లో తెచ్చుకోవచ్చు, మునిగినా నేను ఏడవను. మొదటి పెట్టె ఒప్పందానిది. డెల్ఫీన్ గారూ, మీరు పై మెట్టు మీద ఉండండి, అది మీ చేతికే వస్తుంది. పైలకూ, పొగడ్తలకూ, ఇన్నేళ్ళ ఆదరణకూ అందరికీ కృతజ్ఞతలు. సెలవు. ఇంటికి కాదు, కిందికి పోతున్నాను.