మూడో రోజు నుంచి లెక్కపెట్టిన మనిషి

పందొమ్మిది వందల ఎనభై తొమ్మిది, జూలై మూడో తేదీ ఉదయం ఎనిమిది గంటలకు మన ఆసుపత్రి ఔషధ విభాగంలో ఫార్మసిస్టుగా బాధ్యతలు స్వీకరించిన ఆమె, ముప్పై అయిదు సంవత్సరాల నిర్విరామ సేవ అనంతరం ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్నారు. ఈ అభినందన సంచికలో ఆమెను గురించి రాసే గౌరవాన్ని వార్డు సిస్టరుగా పనిచేస్తున్న ఈ వ్యాసకర్తకు అప్పగించారు. అనుమతి కోసం వెళ్తే ఆమె ఒకే ఒక్క షరతు పెట్టారు. "పొగడ్తలు వద్దమ్మా. రాస్తే జరిగిందంతా రాయి, లేకపోతే మానెయ్" అన్నారు. కనుక ఈ వ్యాసంలో ఆమె ఘనతతోపాటు మన లోపాలూ కనిపిస్తే పాఠకులు మన్నించాలి.

తొలి అయిదేళ్ళూ ఆమె మందులిచ్చే కిటికీ వెనుక నిలబడ్డారు. చీటీ చూసి మందు ఇచ్చి పంపడంతో తన పని తీరిందని ఆమె ఏనాడూ అనుకోలేదు. గుండె బలానికని ఒకే రకం మాత్ర వాడుతున్నవారిలో పడుచువాళ్ళు కులాసాగా తిరుగుతుండగా, ముసలివాళ్ళు మాత్రం వాంతులతో, కళ్ళ ముందు పచ్చగా కనిపిస్తోందంటూ మళ్ళీ మళ్ళీ రావడాన్ని ఆమె గమనించారు. మాత్ర అదే, మోతాదు అదే. ఆ మందును ఒంట్లోంచి బయటికి పంపవలసిన మూత్రపిండాలు మాత్రం వయసుతో మందగించాయి. ఒక పెద్దాయనకు ఆమె చెప్పిన తీరు అప్పట్లో ఆ వరుసలో నిలబడ్డవారందరికీ నచ్చింది.

"తొట్టిలోకి కుళాయి ఎప్పట్లాగే వదుల్తున్నాం తాతగారూ. కానీ కింద తూము సన్నబడింది. తొట్టి పొంగదా మరి?"

"అయితే తూము బాగుచెయ్యమ్మా!"

"అది నా చేతిలో లేదు. కుళాయి కాస్త కట్టేద్దాం, డాక్టరుగారికి చెప్తాను పదండి."

ఆ పట్టుదల ఫలితంగానే రక్తంలో మందు ఎంత ఉందో కొలిచే గది మన ఆసుపత్రిలో వెలిసింది. వెలిసిందనడమే గాని, అది నేలమాళిగలో, దుప్పట్లు ఉతికే గదికి అవతల, కిటికీ అన్నది లేని ఒక అర. ఒక యంత్రం, ఒక బల్ల, ఒక కుర్చీ. రెండో కుర్చీ అవసరం ఉంటుందని ఎవరికీ తోచలేదు.

ఆమెకు పేరు పెట్టింది ఆ గదే. ఒంట్లో చేరిన మందు గంటగంటకూ తరుగుతుంది గనుక, మందు ఏ వేళకు ఇచ్చారో, రక్తం ఏ వేళకు తీశారో తెలియకపోతే యంత్రం చూపే అంకెకు అర్థం ఉండదు. ఆ రోజుల్లో కొత్తగా ఉద్యోగంలో చేరిన ఈ వ్యాసకర్త, ఏడుముప్పావుకు తీసిన రక్తపు సీసా మీద ఆరు గంటలని రాసి పంపింది. పది నిమిషాల్లో ఆమె మెట్లన్నీ ఎక్కి ఆయాసపడుతూ వార్డులో ప్రత్యక్షమయ్యారు.

"ఎప్పుడు తీశావమ్మా?"

"ఆరింటికే అక్కా."

"నిజం చెప్పు, తిట్టను. నువ్వు రాసిన టైము నమ్మితే ఆయనకి రేపు డోసు పెంచాలి. ఎప్పుడు తీశావు?"

నిజం చెప్పింది. ఆమె తిట్టలేదు. మాట నిలబెట్టుకున్నారు. ఆనాటి నుంచి వార్డుల్లో ఆమె 'ఎప్పుడమ్మ'గారు అయ్యారు. ఆ పేరు వింటే ఆమె నవ్వేవారు గాని, పేరు పెట్టినవాళ్ళెవరూ నేలమాళిగ మెట్లు దిగి వెళ్ళి ఆమెతో ఒక పూట కబుర్లు చెప్పింది లేదు.

రెండువేల నాలుగవ సంవత్సరపు విషజ్వరాలు మనలో పాతవారెవరూ మరిచిపోలేరు. వరండాల్లో పరుపులు, పరుపుకు ఇద్దరు. ఆ సమయంలో మన పెద్ద డాక్టరుగారు, ఊరంతా చేతులెత్తి నమస్కరించే మహానుభావులు, ఒక సూదిమందు మొదలుపెట్టారు. సూది పడినవారిలో నూటికి తొమ్మిదిమందే పోయారు, పడనివారిలో నూటికి ముప్పై ఇద్దరు. అందరికీ ప్రాణం లేచివచ్చినట్టయింది. వైద్యుల సభలో చదవడానికి ఆ లెక్కలను పట్టికగా వేసి పెట్టమని ఆ పనిని ఎప్పుడమ్మగారికి అప్పగించారు.

ఆమె నాలుగువందల పన్నెండు కేసు షీట్లనూ ఒక్కొక్కటిగా చదివారు. చదువుతూ తనకు అలవాటైన ప్రశ్నే వేసుకున్నారు. సూది ఎప్పుడు వేశారు? పరీక్ష ఫలితం వచ్చాకే వేసేవారు, ఫలితం రావడానికి రెండు రోజులు పట్టేది. అంటే సూది వేయించుకున్న ప్రతి మనిషీ అప్పటికే రెండు రోజులు బతికి ఉన్న మనిషే. తొలి రెండు రోజుల్లోనే కన్నుమూసిన నలభై నలుగురూ, సూదికి నోచుకునే వ్యవధి లేక, 'పడనివారి' ఖాతాలో చేరిపోయారు. మూడో రోజుకు బతికి ఉన్నవారినే రెండు జట్లుగా విడదీసి ఆమె మళ్ళీ లెక్కకట్టారు. ఇటు నూటికి తొమ్మిది. అటు నూటికి పది. తేడా ఆవిరైపోయింది. పైగా మూత్రపిండాలు దెబ్బతిన్నవారిలో ఆ మందు రోజుల తరబడి నిలిచిపోయిందని ఆమె యంత్రమే చెప్పింది. చెవుల్లో హోరని, వినపడటం లేదని చెప్పుకున్నవారు ఇరవై ముగ్గురు తేలారు.

ఇక్కడ ఆమె కుటుంబ సభ్యుల అనుమతితో ఒక విషయం చెప్పాలి. ఆ జ్వరాల్లోనే ఆమె భర్త కూడా మన వార్డులో పడ్డారు, సూది వేయించుకున్నారు, కోలుకున్నారు. ఆమె లెక్క తేలిన రోజు ఇంట్లో నడిచిన సంభాషణను, అప్పటికి తొమ్మిదో తరగతి చదువుతున్న వారి అమ్మాయి ఈ వ్యాసకర్తకు చెప్పారు.

"నన్ను బతికించిన మందు మీదా నువ్వు రాసేది?" అన్నారట ఆయన.

"మీరు బతికారు, నాకంతకంటే కావలసిందేముంది? కానీ దానివల్లే బతికారా అన్నది వేరే మాటండీ."

"మరి దేనివల్ల?"

"మీ ఒక్కరి సంగతి అడిగితే నాకూ తెలీదు. సూది వేయకపోతే ఏమయ్యేవారో చూడలేం కదా. వందమందిని అటూ ఇటూ పెట్టి చూస్తేనే తెలిసేది."

"నేను నీకు వందలో ఒకణ్ణా?"

ఆమె కంచాలు తీసి కడిగారట. ఆనాటి నుంచి ఆ ఇంట్లో ఎవరూ ఆ సూది ఊసెత్తలేదు గాని, ఆ సూది లేని రోజూ లేదని అమ్మాయి అన్నారు.

ఆమె పట్టికను ఉన్నదున్నట్టుగా సమర్పించారు. పెద్ద డాక్టరుగారు పైకి ఒక్క మాటా అనలేదు. అనవలసినవన్నీ మనమే అన్నాం. ఆసుపత్రి పరువు తీస్తోందని, ప్రాణదాత లాంటి మనిషిని అంకెలతో అవమానించిందని, ఆమెను ఆ పని నుంచి తప్పించాలని ఒక విన్నపం తయారైంది. దాని మీద ముప్పై ఏడు సంతకాలు పడ్డాయి. పన్నెండవ సంతకం ఈ వ్యాసకర్తది. చదవకుండానే పెట్టింది.

తరువాతి ఏడాది ఆమె భోజనానికి పైకి రాలేదు. తొలి రోజు మాత్రం వచ్చారు. ఆమె డబ్బా మూత తీసేలోపు బల్ల చుట్టూ ఉన్నవాళ్ళం ఒకరి తరువాత ఒకరు లేచాం. రెండో రోజు నుంచి యంత్రం పక్కనే తినేవారు. యంత్రం తిరుగుతున్నప్పుడు పక్కన ఎవరో గొణుగుతున్నట్టు ఉంటుందని, అది ఆగగానే గది పెద్దదైపోతుందని ఆమె ఒకసారి దుప్పట్లు ఉతికే ఆమెతో అన్నారట.

అయినా ఆమె వెనక్కు తగ్గలేదు. గొడవకూ దిగలేదు. తన లెక్కలోనూ పొరపాటుండవచ్చునని, పాత కాగితాలతో తేలని విషయాన్ని చీటీలు తీసి తేల్చాలని పై అధికారులకు తొమ్మిది ఉత్తరాలు రాశారు. చివరికి అనుమతి వచ్చింది. మూడువందల మంది రోగులు. మూడో రోజు ఉదయం మూసిన కవరు తెరిస్తే, లోపలి చీటీని బట్టి సూదో, సూది లేకుండా మిగతా చికిత్సో నిర్ణయమవుతుంది. ప్రతి కుటుంబంతోనూ ఆమే కూర్చుని మాట్లాడారు.

"మందు మేలు చేస్తుందో కీడు చేస్తుందో మాకు తెలీదు. తెలీదని ఒప్పుకునే ఈ చీటీ తీస్తున్నాం. వద్దంటే మానేయండి, వైద్యంలో ఏ లోటూ రాదు."

"మీకే తెలీకపోతే మేమెవర్ని అడగాలమ్మా?" అని ఒక తల్లి ఏడ్చింది.

"అందుకే అడుగుతున్నాం" అని మాత్రం అని, ఆమె ఆ తల్లి పక్కనే చాలాసేపు కూర్చున్నారు.

రెండేళ్ళు పట్టింది. సూది వేసిన నూటయాభై మందిలో పదిహేనుమంది పోయారు, వేయనివారిలో పద్నాలుగుమంది. వినికిడి దెబ్బతిన్నవారు ఇటు పదిహేడు, అటు ఇద్దరు. సూదిమందు ఆగిపోయింది. పెద్ద డాక్టరుగారు ఆ సాయంత్రం జీవితంలో మొదటిసారి నేలమాళిగకు దిగారు. కుర్చీ ఒకటే గనుక ఆమె లేచి నిలబడ్డారు. ఆయన కూర్చోలేదు.

"మొదటి ఏడాది నేను సూది వేసినవాళ్ళలో చెవులు పోయినవాళ్ళు ఎంతమందన్నావమ్మా?"

"ఇరవై ముగ్గురండీ."

"వాళ్ళ అడ్రసులున్నాయా?"

ఉన్నాయి. ఆ తరువాతి ఆదివారాలన్నీ వారిద్దరూ ఆ ఇళ్ళకు తిరిగి, చెవి పరీక్షలు చేయించి, వినికిడి యంత్రాలు ఇప్పించారు. తన తప్పును తానే వెతుక్కుంటూ వెళ్ళిన ఆ పెద్దమనసుకు ఈ సందర్భంగా నమస్కరిద్దాం.

తదనంతరం ఆమెకు పదోన్నతి లభించింది, పై అంతస్తులో వెలుతురున్న గది లభించింది, నేటి యువ వైద్యులు ఎందరో ఆమె వద్ద లెక్క చూడటం నేర్చుకున్నారు. ఇవన్నీ ఉద్యోగ పుస్తకంలో ఉన్నాయి. అందులో లేనిది ఒకటుంది. ఆ సూదిమందు పనికిరాదని తేలినా, మళ్ళీ భోజనానికి రమ్మని ఆమెను మనం పిలవలేదు. ఆమెకు ఒంటరిగా ఉండటమే ఇష్టమని నిర్ణయించుకున్నాం. ఏడేళ్ళ కిందట ఆమె భర్త గతించారు, చివరిదాకా తనను ఆ సూదే బతికించిందని నమ్ముతూనే. పరామర్శకు వెళ్ళినప్పుడు ఆమె అన్నారు: "ఆయన తప్పని నేనెప్పుడూ అనలేకపోయానమ్మా. నిజంగానే నాకు తెలీదు కదా. కనీసం మీరే రైటేమో అని ఒక్కసారి అని ఉంటే పోయేది."

పోయిన వారం ఈ వ్యాసకర్త ఆమె గదికి వెళ్ళి, ఇరవై ఏళ్ళ నాటి సంతకానికి క్షమాపణ చెప్పింది.

"నీ సంతకం చూశాను. అప్పుడే చూశాను" అన్నారు ఆమె. కళ్ళజోడు తీసి చీరకొంగుతో తుడుచుకున్నారు. "మీరంతా నా పక్షాన మాట్లాడాలని నేననుకోలేదు. ఎవరో ఒకరు వచ్చి ఊరికే కూర్చుంటే బాగుండునని మాత్రం ఉండేది."

ఆ రోజు ఇద్దరం ఊరికే కూర్చున్నాం, డ్యూటీ గంట మోగేదాకా.

ఆమె ఆరోగ్యంతో, కంటినిండా నిద్రతో, మాట్లాడే మనుషుల నడుమ ఇంకా ఎన్నో ఏళ్ళు జీవించాలని మన ఆసుపత్రి సమస్త సిబ్బంది ఆకాంక్షిస్తున్నది. మన కోరికలతో ఒకరి ఆయుష్షు పెరుగుతుందనడానికి ఆధారం లేదని ఆమె తప్పక అంటారు. లేదు, నిజమే. ఈ ఒక్కదాన్ని మాత్రం ఆధారం అడగకుండా స్వీకరించమని ఆ ముప్పై ఏడుగురిలో ఇంకా మిగిలి ఉన్నవాళ్ళం చేతులు జోడించి వేడుకుంటున్నాం.