ఏ వైపు పడుకుంటారు?

వృద్ధాశ్రమం ఆఫీసులో అక్క చేతిలో ఫారం నలిగిపోతోంది. తమ్ముడు కుదురుగా కూర్చోలేక కిటికీకీ కుర్చీకీ మధ్య తిరుగుతున్నాడు.

"అమ్మని ఇంట్లోనే ఉంచుదాంరా. చూసుకోడానికి మనిషిని పెడదాం."

"ముగ్గురు మానేశారక్కా. ముందది నింపు."

"'ఏ వైపు తిరిగి పడుకుంటారు?' ఇదేం ప్రశ్న?"

"ఎడమ వైపు. మోకాళ్ళ మధ్య దిండుండాలి. రెండు గంటలకోసారి మనమే తిప్పాలి."

ఇందులో ఒక్కటీ తనకి తెలియదు. ఆ ఉక్రోషమంతా అక్క గొంతులోకి వచ్చేసింది.

"ఇన్ని తెలిసినవాడివి, ఇక్కడ వదిలేద్దామనడానికి నోరెలా వచ్చిందిరా?"

"నడుం పట్టేసిందక్కా. నిన్న మంచం మీంచి లేపబోయి అమ్మని కింద పడేశాను."

"అయ్యో! దెబ్బ తగిలిందా?"

"కింద పడి కూడా అమ్మ అదే అడిగింది. నన్ను."

అక్క ఫారం మీద 'ఎడమ వైపు' అని రాసింది.