మేకుల బురద

ఉదయ్, ముక్కు మూసుడు తర్వాత. ముందు జవాబు చెప్పు. ఈ గ్లాసుల ఇంత ఎర్రబురద ఎక్కడి నుంచొచ్చింది?

నీళ్లల్ల నుంచా? నీ మొఖం! నీ ముందే గదా బాటిల్ నీళ్లు పోసి, చిటికెడు ఉప్పేసి, రెండు ఇనుప మేకులు ముంచి బ్యాటరీ తగిలించిన! నీళ్లు మంచియే. మేకులే కరిగి తుప్పయినయి. లాస్యా, ఆ మేకు తీసి సూడు, ఎట్ల కొరుక్కపోయిందో.

ఛీ! పోయిన వారం కోదాడ నుంచి ఫిల్టర్లు అమ్మేటాయన వచ్చి మన వాటర్ ట్యాంకు కాడ చేసింది గిదే. ట్యాంకు నీళ్లల్ల ఇనుప కడ్డీలు పెట్టిండు, బురద! తన బాటిల్ నీళ్లల్ల పెట్టిండు, ఏం లేదు. ఎందుకుంటది? అండ్ల ఉప్పూ గిప్పూ అన్నీ తీసేస్తరు, కరెంటు సరిగ పారదు. ఊరంత "యాక్ థూ" అన్నది.

ఏంది లాస్యా? ట్యాంకు కాడ క్రిములు సంపే మందు తీసే మిషన్ల కూడ కరెంటే గదా అంటవా? మంచిగడిగినవ్. అండ్ల ఉన్నయి ఇనుపయి కావు, సిరామిక్ పలకలు. మన పింగాణి జాతే గని, కరెంటు పారేటట్టు చేసినయి. అట్ల తుప్పు వట్టి కరగవు. ఉప్పునీళ్లల్ల వాటికి కరెంటిస్తే ఉప్పుల ఉన్న క్లోరిన్ బయటికొస్తది. ఆ నీళ్లు ట్యాంకుల కలిపితే క్రిములు ఖతం. నల్లా నీళ్లకు ఆ మందు వాసన అందుకే.

నాలుగేండ్ల సంది వీరమ్మే ఆ మిషన్ల ఉప్పు కొలిచి పోసింది. ఒక్క ఇంట్ల వాంతులు, విరేచనాలు లేవు. ఆమెనే పట్టుకొని "ఇన్నేండ్లు మాకు ఈ బురదనా తాపినవ్?" అని తిట్టి, తాళంచెవి గుంజుకున్నరు. థూ, ఏం మనుషులం!

అవును, మనుషులమే అంటున్న. నేనూ గాడనే ఉన్న.

వీరమ్మ అందరిని ఇడిసిపెట్టి నా దిక్కు సూసింది. ముప్పై ఏండ్లు సైన్సు చెప్పిన టీచరమ్మ, ఒక్క మాటన్న అంటదని. నేనేం చేసిన్నో ఎరుకేనా? కొంగు ముక్కుకు పెట్టుకున్న. అందరికంటె ముందు.

ఇంటికొచ్చి అన్నం తింటుంటె ఆ కడ్డీలు యాదికొచ్చినయి. అప్పటిదాంక బుర్ర ఎలగలే!

తెల్లారి పోయి వీరమ్మను మళ్ల మిషన్ కాడికి రమ్మని పిలిస్తే తలుపు సగమే తీసింది. "బురద తాపేదాన్ని గదా టీచరమ్మా, ఇగ ఉప్పు మీరే పోసుకోండ్రి" అన్నది. ఇంకేమంటది?

జరుగుండ్రి. తాళంచెవి అడిగి మిషన్ పలకలు తెచ్చిన, వారం రోజులు కడిగేటోళ్లు లేక సున్నం కట్టినయి. నిమ్మరసంల నానేసిన, కుంచెతోని కడగాలె. ఆ గ్లాసు పారబోయకుండ్రి, సాయంత్రం ట్యాంకు కాడ అందరికి సూపియ్యాలె. వీరమ్మకు ముందు.