దానమ్మగారి పక్క కుర్చీ

ఏంటే అది, చొక్కాకి గుచ్చుకున్నావు? రిబ్బనా. ఎవరిదన్నా పెళ్ళా? కాదా. మీ కంపెనీలో ఇవాళ అందరూ పెట్టుకున్నారా, మేనేజరుతో సహా? ఆడవాళ్ళకి అండగా ఉన్నామని చెప్పడానికి. బాగుంది తల్లీ, నేనేం వెక్కిరించడం లేదు. తీసెయ్యకు, ఉండనీ, ఊదారంగు నీకు బాగానే ఉంది. మా ఆఫీసులో ఇలాంటివేం లేవు. నల్లబ్యాడ్జీలుండేవి, జీతాలు పెంచమని పెట్టుకునేవాళ్ళు. పొద్దున్న గుచ్చుకుని మధ్యాహ్నం టీకి వెళ్ళేటప్పుడు జేబులో పడేసేవాళ్ళు. అండగా ఉండటం అంటే మాత్రం నేనొకావిణ్ణి చూశాను. దానమ్మగారని. ఆవిడ నా కోసం నలుగురిలో ఏం చెప్పుకుందో చెబితే నువ్వు నమ్మవు. బ్యాగు కింద పెట్టి కూర్చో, చెబుతా.

మీ తాతయ్యని నువ్వు చూళ్ళేదుగా. ఎనభై ఆరులో పోయారు, కామెర్లు. పసరు మందని, చేతి మీద వాతలని మా అత్తగారు తిప్పిందే గానీ ఆస్పత్రికి తీసికెళ్ళేసరికి ఆలస్యమైపోయింది. సరే, ఆ బాధ ఇప్పుడెందుకు. ఆయన రిజిస్ట్రాఫీసులో గుమాస్తా. ఏ ఊళ్ళో అంటే, రేపల్లెకి అవతల, ఊరి పేరెందుకులే, ఆ మనుషుల పిల్లలు ఇంకా అక్కడే ఉన్నారు. ఆయన పోతే ఆ ఉద్యోగం నాకిచ్చారు. మీ అమ్మ అప్పుడు బళ్ళో చేరింది, మీ మావయ్య చంకలో ఉన్నాడు. మా అత్తగారు మాణిక్యాంబగారు ఒకటే గోల, "ఏడాది తిరక్కుండా నలుగురి ఎదుటా పడతావా, మా ఇంటా వంటా ఉందా ఇది" అని. మా మావగారే, మెత్తటి మనిషి, "మనం పోయాక దీన్నీ పిల్లల్నీ ఎవరు చూస్తారే, వెళ్ళనీ" అన్నారు. అలా వెళ్ళాను. తెల్లచీర, బోసినుదురు, చేతికి ఒక్క గాజు లేదు. రేపల్లెలో బస్సెక్కితే నా పక్క సీటు ఖాళీగా ఉండేది, జనం నిలబడి వచ్చేవాళ్ళు గానీ.

రిజిస్ట్రాఫీసంటే మామూలు ఆఫీసు కాదమ్మా. జనం పొలం రాయించుకోడానికొస్తారు, ఇల్లు రాయించుకోడానికొస్తారు. పంచాంగం చూపించుకుని, దేవుడికి కొబ్బరికాయ కొట్టి, ఎదురెవరొస్తారో చూసుకుని మరీ బయల్దేరతారు. తీరా ఆఫీసు గుమ్మంలోకొచ్చేసరికి ఎదురుగా నేను. అడుగు లోపలికి పెట్టినవాళ్ళు వెనక్కి తీసుకునేవాళ్ళు. ఏమీ అనరు, పాపం, మర్యాదస్తులే. "ఇప్పుడే వస్తామండి" అని వెళ్ళి టీ కొట్టు దగ్గర కూర్చునేవాళ్ళు, నేను లేచి ఎటన్నా వెళ్ళేదాకా. కొంతమంది ఏకంగా ఇంటికెళ్ళి ఇంకో ముహూర్తం పెట్టించుకుని వచ్చేవాళ్ళు. బయట పాకలో దస్తావేజులు రాసే పున్నయ్య అనే ఆయన ఉండేవాడు. "పార్టీలు వెళ్ళిపోతున్నారు సార్, మా పొట్ట కొడుతున్నారు" అని లోపలికొచ్చి మొత్తుకునేవాడు. తప్పు ఆయనదీ కాదు.

రిజిస్ట్రారుగారు ఓ రోజు పిలిచారు. మంచాయనే. నా మొహం చూడకుండా కాయితాలు సర్దుకుంటూ, "అమ్మా, ఏమీ అనుకోకు. ఆ బొట్టు స్టిక్కరేదో ఆఫీసులో ఉన్నంతసేపూ పెట్టుకుని, ఇంటికెళ్ళేటప్పుడు తీసేయరాదూ. లేకపోతే వెనక రికార్డు గదిలో కూర్చో. అదీ ఇదీ కాదంటే మాచర్ల వైపు ఖాళీ ఉంది, అక్కడికి రాయాల్సొస్తుంది" అన్నారు. మాచర్లంటే మాటలా, చంటిపిల్లాడితో. మా అత్తగారు గడప దాటనిచ్చేది కాదు. ఉద్యోగం పోయినట్టే. బొట్టు పెట్టుకుందామంటే, సాయంత్రం తీసేసినా ఆ ఊళ్ళో చూసిన కళ్ళు ఊరుకుంటాయా, నేను ఇంటికి చేరకముందే కబురు చేరుతుంది. రికార్డు గదే గతి అనుకున్నా. ఆ గది చూశావూ, గబ్బిలాల కంపు, కిటికీ లేదు, అందులోకెళ్తే మనిషి ఉందో పోయిందో కూడా ఎవరికీ తెలీదు. పోనీలే, ఎవరికీ ఎదురుపడక్కర్లేదు, అదే నయం అని కూడా అనిపించింది. అంత కుంగిపోయి ఉన్నాను.

ఇక దానమ్మగారు. ఆవిడ మా ఆఫీసులో సీనియరు. నాకంటే పదిహేనేళ్ళు పెద్ద. లూథరన్ వాళ్ళు. నల్లగా, పొడుగ్గా, నూనె రాసి బిగించి కొప్పు పెట్టుకునేది. వేలిముద్రలు వేయించే బల్ల ఆవిడది. నల్ల ఇంకు పూసిన పలక మీద పార్టీల ఎడమ బొటనవేలు పట్టుకుని ఒత్తి, పుస్తకంలో దించి, గుడ్డతో వేలు తుడిచి పంపేది. ఆవిడకీ బొట్టు లేదు, గాజుల్లేవు, ఆవిడా తెల్లచీరలే కట్టేది. కానీ ఆవిడ బోసినుదురు వేరు, నాది వేరు. ఆవిణ్ణి చూసి ఎవరూ ఆగేవాళ్ళు కాదు, "కిరస్తానీ ఆవిడ లెండి, ఫర్వాలేదు" అనుకునేవాళ్ళు. ఊరికి కొత్తవాళ్ళు మాత్రం ఆవిణ్ణీ విధవే అనుకుని జంకేవాళ్ళు. ఆవిడకది అలవాటే. "మా ఆయన బతికే ఉన్నాడండి, ఆ బళ్ళో పిల్లల చేత ఎక్కాలు చెప్పిస్తున్నాడు, చెవి పెడితే వినపడుతుంది" అనేది. అబ్రహాము మాస్టారని ఆయన, పక్క వీధి బళ్ళో టీచరు. మధ్యాహ్నం ఆయనే వండి క్యారియరు తెచ్చేవాడు, భార్యకి పొద్దున్నే వండటానికి తీరదని. ఆ రోజుల్లో మొగుడు వండి పెళ్ళానికి క్యారియరు తేవడం! ఊరంతా నవ్వుకునేది, ఆయనకి చీమ కుట్టినట్టు కూడా ఉండేది కాదు.

రికార్డు గది సంగతి తెలిసి పున్నయ్యే ఓ ఉపాయం చెప్పాడు. "శకుంతలమ్మగారు కూడా మతం పుచ్చుకున్నారని బయట చెప్పేస్తానండి. దానమ్మగారి పక్కన కూర్చుంటే నమ్ముతారు, గొడవ వదిలిపోతుంది" అని. దానమ్మగారికి కోపం వచ్చింది. ఎప్పుడూ గొంతెత్తని మనిషి, "ఆవిడ దేవుణ్ణి మార్చడానికి నువ్వెవరివయ్యా? మా దేవుడి పేరు చెప్పి అబద్ధమాడితే నేనూరుకోను" అని కడిగేసింది. తర్వాత నా దగ్గరికొచ్చింది. అప్పట్లో నన్ను మీరనే అనేది. "శకుంతలమ్మగారూ, అందరూ ఏవేవో చెబుతున్నారు. మీకెలా ఉండాలనుందండి?" అంది. అమ్మాయ్, ఆయన పోయాక ఆ మాట నన్నడిగిన మొదటి మనిషి ఆవిడే. మా అమ్మ అడగలేదు. "తెలీదండి" అన్నాను. "తెలిసేదాకా నా పక్కన కూర్చోండి" అని, తనే కుర్చీ లాగి ఆ బల్ల దగ్గర వేసింది. గుమ్మానికి ఎదురుగా. రికార్డు గదిలో కాదు. రిజిస్ట్రారుగారు చూసి తన గదిలోకి వెళ్ళిపోయారు.

అలా కొన్నాళ్ళు గడిచింది. ఇద్దరు బోసినుదుళ్ళ వాళ్ళం పక్కపక్కన కూర్చుంటే కొత్తవాళ్ళకి ఎవరెవరో తెలిసేది కాదు. ఓ రోజు వెంకట్రామయ్యగారని పై ఊరి పెద్ద రైతు, పొలాలున్నాయన, మందీ మార్బలంతో దిగాడు. కూతురికి పెళ్ళి కుదిరింది, పసుపు కుంకుమ కింద పొలం రాస్తున్నాడు. మిట్టమధ్యాహ్నం ముహూర్తం. పిల్ల కూడా వచ్చింది, పట్టు పరికిణీ, ఇంత బొట్టు. ఆయన గుమ్మంలో ఆగి అందరికీ వినపడేలా అడిగాడు. "ఇక్కడో విధవావిడ పనిచేస్తోందట. పసుపు కుంకుమ దస్తావేజండి, ఆవిడ చెయ్యి మాత్రం మా పిల్లకి తగలకూడదు. మీ ఇద్దర్లో ఎవరమ్మా?"

లేచి వెళ్ళిపోదామని కుర్చీ వెనక్కి జరుపుతున్నా. దానమ్మగారు నా మోకాలి మీద చెయ్యేసి అదిమింది. "నేనేనండి" అంది. అంతే, పొద్దున్న తిన్న టిఫిన్ గురించి చెప్పినట్టు. లేచి పక్కకి జరిగి, పలక నా వైపు తోసి, "శకుంతలమ్మా, అయ్యగారి పని నువ్వు చూడు" అంది. నువ్వు అనడం అదే మొదలు.

ఇంతలో గుమ్మంలో అబ్రహాము మాస్టారు, చేతిలో క్యారియరుతో. మొత్తం విన్నాడు. ఇక అయిపోయిందిరా దేవుడా అనుకున్నా. ఆయన పెళ్ళాం మొహం చూశాడు, నా మొహం చూశాడు. ఎవరో తెలీనట్టు నడిచొచ్చి, "మేడంగారికి క్యారియరండి" అని బల్ల మీద పెట్టాడు. వెంకట్రామయ్యగారు ఊరుకోవచ్చుగా, "పాపం, చిన్న వయసులోనే పోయారామ్మా మీ ఆయన?" అన్నాడు. దానమ్మగారు తలొంచుకుంది. అబ్రహాము మాస్టారే అందుకుని, "మంచి మనిషండి, నేనెరుగుదును" అని చెప్పి వెళ్ళిపోయాడు. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది. ఆ పిల్ల బొటనవేలు పట్టుకుని ఇంకులో అద్దాను. చెప్పొద్దూ, నేనూ నమ్మేదాన్నమ్మా. నా చెయ్యి మంచిది కాదని నేనే నమ్మేదాన్ని. ఆ రాత్రి అన్నం సయించలేదు. మర్నాడు దానమ్మగారితో, "ఆ పిల్లకేమన్నా అయితే?" అన్నాను. "ఏమీ కాదు. అయితే మాత్రం అన్న మాట నాది, నా మీదే పడుతుంది. మా ప్రభువుకి చెప్పుకున్నాలే" అంది. ఆవిడ అబద్ధానికి ఎంత భయపడే మనిషో నాకు తెలుసు కాబట్టి, ఆ మాట ఎంత బరువో నాకు తెలుసు.

ఆ పిల్లకేం, చల్లగా ఉంది. చీరాల్లో బట్టల కొట్టు, మనవళ్ళు. దానమ్మగారే పోయింది, తొంభై ఏడులో. రిటైరయ్యి బాపట్లలో ఇల్లు కట్టుకున్నారు, ఏడాదన్నా నిండా ఉండలేదు అందులో. నేను వెళ్ళాను. అబ్రహాము మాస్టారు వాకిట్లో కుర్చీలో కూర్చుని ఉన్నారు, అదే తెల్ల చొక్కా. నన్ను చూసి, "నన్నప్పుడే చంపేసింది కదమ్మా, ఇప్పుడు నన్ను ఉంచేసి తను పోయిందేంటమ్మా" అన్నారు. నాకు దుఃఖం ఆగలేదు. సొంత అక్క పోయినా అంత ఏడవలేదు నేను. మీ అమ్మ చదువు, మీ మావయ్య ఉద్యోగం, నువ్విలా చొక్కాకి రిబ్బను పెట్టుకుని నా ముందు కూర్చోవడం, అంతా ఆవిడ పెట్టిన భిక్షే అనుకుంటా.

ఎక్కడున్నాను? ఆఁ, వెంకట్రామయ్యగారు. ఆయనకి తెలిసిపోయింది. ఎలా అంటావా, రేపల్లె బస్సులో మొగుడూ పెళ్ళాం పక్కపక్కన కూర్చుని వేరుశనక్కాయలు వలుచుకు తింటుంటే చూశాట్ట. ఇక చూడు, మంచి ముహూర్తాల రోజు, ఆఫీసు నిండా జనం, ఊడిపడ్డాడు. రిజిస్ట్రారుగారు ఊళ్ళో లేరు. "గవర్నమెంటు కుర్చీలో కూర్చుని అబద్ధాలా? పైకి రాస్తాను, నీ ఉద్యోగం తీయిస్తాను" అని దానమ్మగారి మీద అరుపులు. ఆవిడకి ఇంకా పదేళ్ళ సర్వీసుంది. లేచి నిలబడి, "తప్పేనండి, అబద్ధం నాదే" అంది. "అయితే ఆ విధవ ఎవరు, మా పిల్ల వేలు పట్టినావిడేనా? నీ నోటితో చెప్పు, నిన్ను వదిలేస్తా" అన్నాడు. ఒక్క చూపు నా వైపు చూస్తే చాలు, ఆవిడ ఉద్యోగం నిలబడుతుంది. చూడలేదమ్మా. ఇంకు పలక వంక చూస్తూ నిలబడింది.

నేను లేచాను. ఎలా లేచానో నాకే తెలీదు. "నేనండి" అన్నాను. మళ్ళీ గట్టిగా అన్నాను. "విధవని నేనండి. మా ఆయన ఇదే ఆఫీసులో పనిచేసి పోయారు. మీ అమ్మాయి వేలు పట్టుకుంది నేనే. పిల్ల నూరేళ్ళు చల్లగా ఉండాలని మనసులో అనుకుంటూనే పట్టుకున్నా. అర్జీ నా మీద రాసుకోండి. నేను ఇక్కడే, ఈ కుర్చీలోనే ఉంటా" అన్నాను. ఆయన రాశాడో లేదో మరి, మాకైతే ఏ కాయితమూ రాలేదు. అప్పుడు మాత్రం, ఇక ఈ ఊళ్ళో ఒక్క మనిషి కూడా నా ముందుకొచ్చి వేలు చాపడు, ఉద్యోగం అయిపోయింది అనుకున్నా.

వెనక గోడ దగ్గర ఎవరో కదిలారు. అప్పటిదాకా అక్కడో మనిషి ఉందనే మాకెవరికీ తెలీదు. పాతికేళ్ళుండవు. కొంగు నెత్తి మీంచి కళ్ళ దాకా లాక్కుని, పొద్దుట్నించీ ఆ గోడకి అతుక్కుని నిలబడి ఉందట. మొగుడి వాటా పొలం రాయించుకోడానికొచ్చింది. ముహూర్తాల వాళ్ళంతా అయ్యేదాకా ఎవరి కంటా పడొద్దని బావగారు నిలబెట్టి వెళ్ళాడట. ఆ పిల్ల కొంగు వెనక్కి తోసుకుంది. నుదురు నా నుదురే. వెంకట్రామయ్యగారి పక్కనించీ, అంతమంది మధ్యలోంచీ నడుచుకుంటూ వచ్చి బల్ల ముందు నిలబడి ఎడమచెయ్యి చాపింది. "నాకు మీరే వేయించండక్కా" అంది.

పట్టుకున్నాను. దానమ్మగారు గుడ్డ అందించింది, తుడవడానికి.

ఆ... ఏం లేదులే. లే తల్లీ, కాళ్ళు కడుక్కురా, అన్నం పెడతా.