మసకలో మనిషి

"మీరంత గలిసి మా ఆయనను లేకుంట జేసిండ్రు. లైట్లోడు నా మనిషి గాదన్నడు, టెంటోడు చూడలేదన్నడు, పెండ్లోళ్లు ఎరుకలేదన్నరు. నువ్వు అందరికన్న హుషారోనివి. నిలవడ్డ మనిషిని ఫొటోల పొగ జేసినవ్."

నారాయణఖేడ్ బస్సు డిపో దగ్గర ఒక ఫొటో స్టూడియో. మధ్యాహ్నం మూడు గంటలు. బల్ల మీద మూడు కెమెరా లెన్సులు. బల్లకు ఇటు ఫొటోగ్రాఫర్ బస్వరాజ్, అటు కల్హేర్ నుంచి వచ్చిన మల్లీశ్వరి.

"జర మెల్లగ అక్కా. ముందుగాల కూసో. ఎవరాయన? ఏం ఫొటో?"

"సంగయ్య. శ్రావణంల రోజ అనేటి పిల్ల పెండ్లికి లైట్లు వట్టవోయి కరెంటు కొట్టి సచ్చిండు సూడు, ఆయన పెండ్లాన్ని. మల్లీశ్వరి నా పేరు. ఇప్పుడన్న ఎరుకైందా?"

"ఆ... ఇన్న. పాపం. చాన బాధైంది అక్కా. చాయ్ తాగుతవా?"

"చాయ్ వద్దు, నీ బాధ వద్దు. ఫొటో ఇయ్యి."

"ఆ పెండ్లిల రెండు వేల మీద తీసిన. ఆయన దేంట్లనూ లేడు."

"ఉన్నడు. రోజ ఆల్బం జూపించింది. మంచి పిల్ల, అత్తోళ్లకు తెల్వకుంట జూపించింది. పిల్లా పిలగాడు నవ్వుకుంట నిలవడ్డరు. ఎనక బంగారు బిల్లలోలె లైట్లు. గా బిల్లల నడుమ పసుపుపచ్చగ ఒక మరక. గది ఆయన."

"మరకను వట్టుకోని మనిషంటవేంది?"

"పన్నెండేండ్లు కాపురం జేసిన. మూటలు మోసి మోసి ఎడమ భుజం వంగింది ఆయనకు. గా పసుపు అంగి పొద్దుగాల నేను ఉతికి ఆరేసిందే. మరకైనా నాకెరుకే. ఆఫీసోళ్లకు ఎరుకగాదు. వాళ్లకు కండ్లు గావాలె, ముక్కు గావాలె."

"ఏం ఆఫీసు?"

"లేబర్ ఆఫీసు, పనిల సచ్చినోళ్ల ఇంటికి పైసలిచ్చేది. లైట్ల నగేష్ ఆడ ఏం రాయించిండో తెలుసా నీకు? సంగయ్యను నేను పనికి పిలువలే, తాగొచ్చి ఉత్తగనే వైరు వట్టుకుండు అని. ఇయ్యాల అయిదింటికి ఫైలు మూస్తరట. పని జేస్తుండంగ చూసినోడు ఒక్కడుంటె తెమ్మన్నరు, లేకుంటె నగేష్ రాయించిందే ఖాయం. మా బిడ్డ జీవితను బడిల తాగుబోతు బిడ్డ అని పిలుస్తుండ్రు. పది దినాలాయె అది బడికి వోక."

"తాగిండొ లేదొ నాకేం తెలుసు."

"తాగుతుండె, అబద్ధమెందుకు. ఆ దినం తాగలే. ఫొటో తియ్యి, మొకం సాఫ్ జేసి ఇయ్యి."

"సాఫ్ గాదక్కా అది."

"ఎందుకు గాదు? పెండ్లిపిల్ల మొకం మీది మొటిమలు తుడుస్తవు, నల్లటిదాన్ని తెల్లగ జేస్తవు. కూలోని మొకం కాడికొచ్చెవరకు నీ కంప్యూటర్ ఖరాబైందా?"

"ఉన్నదాన్ని తుడవొచ్చు. లేనిదాన్ని యాడికెల్లి తేవాలె? లెన్సు చూడలేదాయె."

"ఏ లెన్సు?"

"గిదో, గీ పొట్టిది. ఎయిటీఫైవ్ అంటరు. మొకాన్నే వడ్తది గిది. పిల్ల కనురెప్పల ఎంటికలు లెక్కవెట్టొచ్చు. ఎనక ఉన్నదంత మసక. ఇప్పుడు గదే ఫ్యాషన్."

"మరి గిది?"

"అది థర్టీఫైవ్. అది వెడ్తె అందరు వడ్తరు. వంటోళ్లు, బ్యాండోళ్లు, ఎంగిలాకులు ఎత్తేటోళ్లు."

"గదే పెట్టి తీయకపోతివి."

"తీస్తుంటి ఒకప్పుడు. ఆల్బం జూసి లొల్లి వెట్టిండ్రు. మా పిల్ల పక్కపొంటి గా ఎంగిలాకుల బకెటేంది అని."

"బకెట్ గాదు. బకెట్ వట్టుకున్న మనిషి. గట్ల జెప్పు."

"వాళ్లు బకెటే అన్నరు."

"నువ్వేమన్నవ్?"

"నేనేమంట. లెన్సు మార్చిన... ఒక్క నిమిషం అక్కా, ఫోన్. హలో, మహేందరన్నా. ఆ, శుక్రవారం బోరంచల, యాదికుంది. మీ శివాని పెండ్లి మరుస్తనా... ఏ లెన్సు తెస్తనా? గదే ముంగట వెట్టుకోని కూసున్న... ఎయిటీఫైవ్ వద్దన్నా, అది జర ఖరాబైంది... ఆ, మా దుకాణం మీది ఫ్లెక్సీ చూసిండ్రా. గట్లనే గావాల్నా... గుండ్రం లైట్లు, సరే... ఎనక ఎవ్వలు కనవడొద్దు. సరే. సరే అన్నా, మల్ల జేస్త."

"ఎవ్వలు కనవడొద్దా."

"వాళ్ల కోరిక."

"నేను ఆటో దిగంగనే చూసిన నీ ఫ్లెక్సీ. రోజ పెండ్లి ఫొటోనే గద అది. మా ఆయన ఆఖరు ఊపిరిని దుకాణం మీద కట్టుకున్నవ్."

"అదే మంచిగొచ్చిందక్కా. అందరు అదే మెచ్చుకుండ్రు."

"మంచిగొచ్చిన లెన్సు ఖరాబెట్ల అయింది?"

"బూజు వట్టింది. వానకాలం లెన్సులల్ల బూజు వడ్తది."

"ఇటియ్యి. ఎలుగుకు వెట్టి చూస్తున్న. ఊటనీళ్లోలె ఉంది. ఏది బూజు?"

"లోపట ఉంటది."

"లోపటనే ఉంది. దీంట్ల గాదు."

"అక్కా, నాకు పనుంది. శుక్రవారం పెండ్లి. ఏ లెన్సు కొంటవోవాలె, ఏది వదిలిపెట్టాలె అని నేనే పరేషాన్‌ల ఉన్న."

"లెన్సుకేం పరేషాను? పెండ్లోళ్లు అడిగింది తీస్కవో."

"అది తీస్కవోను."

"ఎందుకు?"

"చెప్తె నవ్వుతవ్."

"నేను నవ్వి ఎనిమిది నెలలాయె. చెప్పు."

"రోజ పెండ్లి అయిన పది దినాలకు మీ కల్హేర్లనే ఒక పెండ్లి. గిదే లెన్సు. పిల్ల మొకం మీద వెట్టిన. ఎనక మసకల ఒకడు వచ్చి నిలవడ్డడు. పసుపు అంగి. జరుగు అన్న. జరుగలే. కెమెరా దించి చూస్తె ఎనక గోడ. కొత్తగ సున్నమేసిన తెల్ల గోడ. మనిషి లేడు."

"ఫొటోల వడ్డడా?"

"లేదు. ఫొటోల గోడనే. కెమెరా కన్నుకు వెడ్తె ఉంటడు, దించితె లేడు. ఎడమ భుజం వంచి నిలవడ్తడు."

"భుజం సంగతి నేను చెప్పినంక అంటున్నవా?"

"నువ్వు రాకముందు ఆరు పెండ్లిల్లల్ల చూసిన ఆయనను. పట్టపగలే. మా అమ్మ నల్లపోచమ్మకు మొక్కి, నిమ్మకాయలు దిప్పి ఏసింది. పోలే. అందుకనే గీ పొడుగుది తెచ్చిన, సెవెంటీ టూ హండ్రెడ్. దీంతోని దూరం నిలవడి తీయొచ్చు."

"దూరం వోతె ఇడిసిపెట్టిండా?"

"ఇంక దగ్గరికొచ్చిండు. గీ లెన్సు ఎనకున్నదాన్ని ముంగటికి గుంజుతది. పెండ్లిపిల్ల భుజం మీద గడ్డం ఆనించినట్టు నిలవడ్డడు."

"ఏమంటడు?"

"ఏమనడు. ఏమన్న ఒక మాట అంటె జరుగుదామని ఎదురుచూసినట్టుంటడు."

"ఏం మాట?"

"ఏం లేదు."

"ఏం మాట, బస్వరాజ్?"

"ఏం లేదంటున్న గదా. నాకు నిద్రలేక గిట్ల అయితుండొచ్చు. దవాఖానకు గూడ వొయిన. కండ్లు మంచిగనే ఉన్నయన్నడు డాక్టరు."

"సరే, దాన్ని ఇడువు. కంప్యూటర్ల గా రోజ ఫొటో పెద్దగ జెయ్యి. చేసినవా? గీ బిల్లలు గింత పెద్దగెట్ల అయినయి? సీరియల్ బల్బు చింతగింజంత గూడ ఉండది."

"అది లెన్సు పనితనం. పిల్ల దగ్గరుండాలె, బల్బులు ఎనక దూరముండాలె. ఎంత దూరం వోతె బిల్ల అంత పెద్దగైతది. పదడుగులల్ల రూపాయంత ఉంటె, ఇరవై అడుగులల్ల అరచెయ్యంత. నేను ఎవని దగ్గర నేర్వలే ఇది. నాకు నేనే పట్టుకున్న."

"మంచిగ పట్టుకున్నవ్. మరి లైట్లు స్టేజీకి కట్టి ఉంటయి గదా. గంత దూరం ఎట్లవొయినయి?"

"పైపుకు చుట్టి... ఎవరన్న వట్టుకోవాలె."

"ఎవరన్న. ఇనుప పైపా?"

"ఇనుపదే."

"ఎవరు వట్టుకుండ్రు?"

"సంగయ్యన్న."

"అగో. ఎవరాయన అని అడిగిన నోటికి సంగయ్యన్న అని గూడ వస్తది."

"భయమైందక్కా. నగేష్ తోనే నాకు పెండ్లిల్లన్ని. వాడు లైట్లు, నేను ఫొటోలు. వాడే తోలిండు ఆయనను, నా ముంగటనే. పో సంగయ్యా, ఫొటో సారు చెప్పినట్టు చెయ్యి అని."

"అంటె పనికే వచ్చిండు."

"పనికే వచ్చిండు."

"తాగిండా?"

"లేదు. తాగినోడు పైపు గంతసేపు కదలకుంట వట్టుకోలేడు. పొద్దు గూకుతుండె, కెమెరా నెమ్మదిగ తీస్తది. పైపు జర వణికితె బిల్ల గీత లెక్క సాగుతది. చూడు. ఒక్కటన్న సాగిందా? అన్ని గుండ్రంగున్నయి. తాగినోని చేతిలకెల్లి గిట్ల రాదు."

"ఎనిమిది నెలల సంది గీ ముచ్చట నీ దుకాణం మీద, ఇంత ఎత్తున ఏలాడుతుంది. ఒక్కనికి చెప్పలే నువ్వు."

"ఎవరు అడగలే."

"నేను అడిగిన. ఇప్పుడే, గీ కుర్సిల కూసోని. లేడంటివి. ఆయన వడ్డంక ఏం జేసిండ్రు?"

"టెంటు ఎనకకెల్లి ఎత్తుకవోయిండ్రు. ముహూర్తం తప్పొద్దని చుట్టాలకు చెప్పలే. డీజే పెంచిండ్రు. రోజకు గూడ తెల్లారినంకనే తెలిసింది."

"నువ్వు?"

"భోజనాల ఫొటోలు తీసిన."

"ఏ లెన్సుతోని?"

"...గిదే."

"భోజనాల కాడ అందరు వడాలె గదా."

"ఎనక ఏమైనా కనవడదని."

"మనిషి ప్రాణం వోతుంటె నువ్వు కనవడకుంట ఉండేటి లెన్సు ఎతుక్కున్నవ్."

"అవును. అవునక్కా. ఇంకేమడుగుతవ్?"

"ఆయన నిలవడ్డ కాడ నేలెట్లుంది?"

"వాన వడి ఎలిసింది. బురద. జనరేటర్ వైరు అతుకు నీళ్లల్ల ఉండె."

"ఆయనకు ఎరుకనా?"

"ఎరుకనే. తడి ఉంది సారూ, ఇంతకన్న వోతె మంచిగుండదు అన్నడు."

"మరెందుకు వొయిండు?"

"పిల్ల మంచిగ నవ్వుతుండె. మొగులు నీలంగ ఉండె, అయిదు నిమిషాలైతె చీకటైతది. బిల్లలు చిన్నగున్నయి. నా కన్ను కెమెరాలనే ఉండె. ఒట్టు, నాకు ఆయన మనిషి లెక్క కనవడలే. పసుపు రంగు కనవడ్డది. రంగును జరుపుతున్న అనుకున్న."

"ఏమన్నవ్?"

"యాదికి లేదు."

"ఉంది."

"'ఇంకో రెండడుగులు ఎనక్కి, సంగయ్యన్నా. ఏం కాదు, నేనున్న గదా.'"

"మల్ల అను."

"ఎందుకక్కా."

"మల్ల అను. దూరమున్నోనికి చెప్పినట్టు, గట్టిగ."

"ఇంకో రెండడుగులు ఎనక్కి, సంగయ్యన్నా. ఏం కాదు, నేనున్న గదా... నాలుగు ఫొటోలు తీసిన. మూడోది ఆల్బంల ఏసిన. నాలుగో దాంట్ల బిల్లలన్ని గీతల లెక్క కిందికి సాగినయి. అది తుడిచేసిన. తిట్టు నన్ను. ఏమన్నా అను. ఓటరు కార్డు ఉంటె తే, ఆయన మొకం పెద్దగ జేసి ఇస్త, ఎంత మంచిగంటె అంత మంచిగ."

"ఆయన ఫొటోలు ఇంట్ల రెండున్నయి. ఫొటో కోసం రాలే బస్వరాజ్. ఆ దినం నాతోని ఫోన్ల మాట్లాడుతుండంగ పైపు వట్టుకొమ్మన్నరని, కట్ జెయ్యకుంటనే జేబుల ఏసుకుండు. నేను ఇటుదిక్కు ఇంటున్న. ఆయన తడి ఉందన్నది ఇన్న, ఎనక్కి వొమ్మన్న గొంతు ఇన్న, తర్వాత ఇంకేం ఇనరాలే. ఎవని గొంతు అని అడిగితె ఆఫీసుల ఏం చెప్పాలె నేను? ఎనిమిది నెలల సంది లైట్లోని కాడ, టెంటోని కాడ, వంటోళ్ల కాడ, బ్యాండోళ్ల కాడ ఒక్కొక్కని ముంగట కూసోని మాట్లాడిచ్చిన, ఒక్కని గొంతు గూడ కలువలే. ఇయ్యాల దొరికింది. ఇంక గంటన్నర ఉంది. లే, షట్టర్ గుంజి నడువు, గా మాట గదే గొంతుతోని ఆఫీసు సారు ముంగట అను."