కాస్త చూడండి

ఎవరూ, శ్రీహరిగారి సంగతా? కూర్చో అక్షితా, ఆ వల పక్కకి నెట్టి మంచం మీద కూర్చో. కాయితం తర్వాత చదువుదువుగానీ. కాలవ మీద కొత్త వంతెనకి ఆయన పేరు పెట్టొద్దని మీరంతా అర్జీ పెడుతున్నారని మొన్నే విన్నాను. నా సంతకం ఎందుకో కూడా తెలుసు. ఆ రోజు ఆయన గదిలో ఉన్నవాళ్ళలో బతికున్నది నేనొక్కణ్ణే. మీ తాతని కొట్టించింది ఆయనేనా, కాదా, అంతేగా నీక్కావలసింది? ముప్ఫై ఏళ్ళుగా నేనూ అదే ఆలోచిస్తున్నాను.

మీ తాత పోతయ్య నాకు బావ, మా సుబ్బాయమ్మక్క మొగుడు. మొండిమనిషి. ఉప్పెనలో ఇల్లూ పడవా పోయి, తాటిమొద్దు పట్టుకుని రాత్రంతా తేలినవాడు ఇంకెవడికి భయపడతాడు? శ్రీహరిగారు ఎమ్మెల్యే అయిన రెండో ఏడు, ఆయన బావమరిది మన మురుగుకాలవకి అడ్డంగా గట్టు పోసి రొయ్యల చెరువు తవ్వాడు. మన పడవలు సముద్రంలోకి వెళ్ళడానికి ఉన్న దారి అదొక్కటే. కృత్తివెన్ను మండలాఫీసుకి వెళ్ళాం, బందరు కలెక్టరాఫీసుకి వెళ్ళాం, అర్జీలు పెట్టాం. అందరూ "చూస్తాం" అన్నారు. మీ తాత కూడా చూసి చూసి, ఓ పొద్దున పార తీసుకెళ్ళి గట్టు తెగ్గొట్టాడు. దొంగచాటుగా కాదు, ఊరంతా చూస్తుండగానే. మధ్యాహ్నానికి పోలీసు జీపొచ్చి బావని ఎక్కించుకుపోయింది.

అక్క నన్ను తోసింది. "నిన్ను శ్రీహరిగారు పేరు పెట్టి పిలుస్తాడుగా, వెళ్ళరా నాంచారయ్యా" అంది. నిజమే, ఎలక్షన్లో ఆయన జెండా మోసినవాణ్ణి నేనే. నవ్వకు. కనపడితే చాలు, "ఏం నాంచారయ్యా, కొరమేనులు బాగా పడుతున్నాయా?" అనేవాడు. కొరమేను సముద్రంలో పడదని ఆయనకి తెలీదు, మేమూ చెప్పలేదు. పెద్దాయన పలకరించాడు, అదే గొప్ప మాకు.

సరే, వెళ్ళాను. చేతులు కట్టుకుని, "మా బావ తొందరపడ్డాడండి, కాస్త చూడమని ఎస్సైగారికి ఒక్క మాట చెప్పండి" అన్నాను. ఈ నోటితోనే అన్నాను. ఆయన నా వంకే చూస్తూ ఫోనెత్తి, "ఆ పోతయ్య ఉన్నాడు కదా, కాస్త చూడండి" అని పెట్టేశాడు. "సరేనా?" అన్నాడు నాతో. దణ్ణం పెట్టి బస్సెక్కాను.

సగం దూరం వచ్చాక ఆయన ఫోన్లో అన్న మాట మళ్ళీ గుర్తు చేసుకున్నాను. ఆయన గదిలో కూర్చుని ఎన్ని ఫోన్లు విన్నానో నాకే లెక్కలేదు. సాయం చెయ్యమనాలంటే ఆయన, "మనవాడండీ, కాస్త చూడండి" అనేవాడు. పింఛనుకైనా, ఆస్పత్రిలో మంచానికైనా, ముందు 'మనవాడు' పడాల్సిందే. ఆ రోజు పడలేదు. తొందరలో ఉన్నాడేమో, మర్చిపోయాడేమో అని నాకు నేనే చెప్పుకున్నాను. బస్సు దిగి వెనక్కెళ్ళి అడగొచ్చుగా అంటావు. ఏమని అడగను? అయ్యా, మనవాడు అనలేదేంటండీ అనా?

మూడో రోజు మీ తాతని రిక్షాలో తెచ్చి దింపారు. కాళ్ళు నేలకి ఆనించలేకపోయాడు. నెల తిరక్కుండా పోయాడు. చావుకి శ్రీహరిగారొచ్చాడు. నా భుజం మీద చెయ్యేసి, ఊరంతా వింటుండగా, అక్కతో "నాంచారయ్య అడగ్గానే ఫోన్ చేసి చూడమన్నానమ్మా. ఏం నాంచారయ్యా?" అన్నాడు. నేను తలూపాను. తర్వాత ఎంక్వైరీకొచ్చిన ఆఫీసరుకీ అదే చెప్పాను, రాసుకున్నాడు. అబద్ధం కాదు కదా, చూడమనే అన్నాడు. పెద్దకర్మ అయ్యాక అక్క ఒకసారి అడిగింది, "ఒరేయ్, చూడమన్నది ఆయనా, నువ్వా?" అని. ఆ తర్వాత నేను మీ గుమ్మం ఎక్కలేదు.

అదిగో, నువ్వూ మీ మామ్మలాగే చూస్తున్నావు. లా చదివినదానివి, నువ్వే చెప్పు, ఆ మాటకి కోర్టులో ఏం అర్థం చెప్తారు? మంచి ఉద్దేశంతోనే అన్నాడంటారు వాళ్ళ మనుషులు. మంచి ఉద్దేశమైతే మూడు రోజుల్లో ఒక్కసారైనా ఏమైందని మళ్ళీ ఫోన్ చెయ్యడా? వారం తిరక్కుండా ఆ గట్టు మళ్ళీ లేచింది. ఆ ఎస్సై ఏడాదిలో ప్రమోషన్ మీద వెళ్ళాడు. సాక్ష్యం ఏదీ అంటే నా దగ్గరేం లేదు, అనని ఒక్క మాట తప్ప.

ఇటివ్వు ఆ కాయితం. ఏం రాశావ్... 'పోతయ్యను కొట్టమని ఫోనులో ఆదేశించారు.' అది కొట్టెయ్. ఆయన కొట్టమనలేదు. అలా అనాల్సిన అవసరం ఆయనకెప్పుడూ రాలేదు. చూడమన్నాడు, అదే రాయి. మనవాడు అనలేదని రాయి. ముందు ఆ మాట అన్నది నాంచారయ్యేనని రాయి, చావింట్లో తలూపాడని కూడా రాయి. అవి లేకుండా నేను సంతకం పెట్టను.

రాశావా? చదువు... ఊఁ. ఆ గూట్లో కళ్ళజోడుంది, అందుకో. సంతకం వంకరగా వస్తే ఏమనుకోకు.

నీతోపాటు నేనూ వస్తాను. ఇవాళ మీ ఇంట్లో ఏం కూర?