తేనెరంగు స్ఫటికాన్ని నమ్మని నరసింహయ్య గారు

1989 ఆగస్టు 21వ తేదీ సోమవారం ఉదయం శ్రీ నరసింహయ్య గారు చిక్కబళ్ళాపురంలోని ఖనిజ పరీక్షాలయంలో సాంకేతిక సహాయకులుగా చేరారు. చేరిక పత్రం మీద సంతకం చేసే ముందు దాన్ని రెండుసార్లు చదివి, తమ పుట్టిన తేదీ తప్పుగా పడిందని చూపించారు. ఆనాటి గుమాస్తా నొచ్చుకున్నారు గాని, తేదీ నిజంగానే తప్పు. ముప్పై ఆరేళ్ళ ఉద్యోగ జీవితానికి ఇంతకన్నా తగిన ఆరంభం ఉండదు.

బాగేపల్లిలో ఇంట తెలుగు, బడిలో కన్నడం, కాలేజీలో భూగర్భశాస్త్రం నేర్చుకున్న ఆయనకు పరీక్షాలయం అప్పగించిన పని రాతిని పలుచన చేయడం. రాతిముక్కను గాజుపలకకు అంటించి, కార్బొరండం పొడి చల్లి, నీళ్ళతో అరగదీసి, వెంట్రుక మందంలో సగానికి తెస్తే వెలుగు దాని గుండా సాగుతుంది. అప్పుడే సూక్ష్మదర్శిని కింద లోపలి ఖనిజాలు తమ రంగులు బయటపెడతాయి. ఆ పలుచని ముక్కను సెక్షన్ అంటారు. అటువంటివి పదకొండు వేలకు పైగా తయారుచేసిన నరసింహయ్య గారు, రాయి గురించి ఎవరు ఏమి చెప్పినా తలూపి, ఆ రాయినే మళ్ళీ అడిగేవారు.

ఈ స్వభావం పుట్టుకతో కొంత వచ్చి ఉండవచ్చు. మిగిలినది 1998లో వచ్చింది. ఆ ఏడు ఒక సెక్షన్‌లో, ఏ పుస్తకంలోనూ లేని తీరున మెరిసే గింజలు ఆయన కంటబడ్డాయి. అధికారులకు చెప్పారు, ఇంట్లో భార్య సుజాతమ్మ గారికి చెప్పారు, బాగేపల్లి బంధువులకు కూడా చెప్పారు. బెంగళూరులో విశ్లేషణ చేయిస్తే వాటిలో సిలికాన్ ఉంది గాని, రాళ్ళలో దానితో ఎప్పుడూ కలిసుండే ఆక్సిజన్ లేదు. అవి ఆ రాతిలో పుట్టినవి కావు; ఆయన స్వహస్తాలతో చల్లగా పగుళ్ళలో ఇరుక్కున్న కార్బొరండం పొడి. ఆనాటి నుంచి చాలా ఏళ్ళు ఆయన 'పొడి నరసింహయ్య'. ఆయన కొత్త సెక్షన్ ఎవరి చేతికిచ్చినా, “ఏమప్పా, ఇది రాయేనా, నీ పొడా?” అనేవారు. ఆయన కూడా నవ్వేవారు. నవ్వు ఆగాక గాజుపలకను మరొకసారి కడిగేవారు.

2021 నవంబరులో, రెండేళ్ళ క్రితమే శాస్త్రవేత్తగా చేరిన డాక్టర్ చైత్ర గారు మండికల్ దగ్గర ఒక పొలం గట్టు మీది రాయి నుంచి నమూనా తెచ్చారు. బూడిదరంగు రాతిలో వేలి వెడల్పు తెల్లని చార. ఆ చారలో నువ్వుగింజలో సగమైనా లేని తేనెరంగు రవ్వలు. నరసింహయ్య గారు మొదట తమ పొడినే అనుమానించారు. వేరే పొడితో, కొత్త పలక మీద ఇంకో సెక్షన్ చేశారు. రవ్వలు అలాగే ఉన్నాయి. కాల్షియం, బేరియం కలిసిన సిలికేటు అని తేలింది గాని, తెలిసిన ఏ సిలికేటుతోనూ అది పోలలేదు.

చైత్ర గారు ఒక్క రవ్వను గాజుపోగు కొసకు అంటించి, ఎక్స్ కిరణాల ముందు తిప్పి, దాని లోపలి నిర్మాణాన్ని రాబట్టారు. సిలికేట్లలో సాధారణంగా ఒక సిలికాన్ చుట్టూ నాలుగు ఆక్సిజన్లు కూడి నాలుగు మూలల చిన్న గోపురంలా నిలుస్తాయి. ఆ గోపురాలు మూలలు కలుపుకునే తీరును బట్టి ఖనిజాలు వేరవుతాయి. ఇందులో అవి ఆరేసి చొప్పున వలయాలు కట్టాయి, ఒక వలయం మీద మరొకటి కొంత మెలిదిరిగి నిలిచింది. కాల్షియం, బేరియంలతో అటువంటి అమరికను అంతకు ముందు ఎవరూ వర్ణించి ఉండలేదు. పరీక్షాలయం సంబరపడింది. కొత్త ఖనిజంగా గుర్తించమని కోరుతూ అంతర్జాతీయ సంఘానికి పంపవలసిన ప్రతిపాదన సిద్ధమైంది. అందులో ఖనిజం పుట్టిన చోటు మండికల్ అని రాశారు.

“ఆ రాయి యాడిదమ్మా?” అని అడిగారు నరసింహయ్య గారు.

“మండికల్‌దే గదప్పా. చుట్టూ అదే బూడిద రాయి ఉండాది.”

“గట్టు మింద ఉండాది, సరే. ఆ నేలలోనే పుట్టిందని ఎవరు చెప్పినారు?”

మధ్యాహ్నం టీ దగ్గర సహోద్యోగి మంజునాథ గారు, “అయ్యకు పొడి గుర్తుకొస్తాండాది. తనకు దక్కనిది పాపకు దక్కితే ఓర్చేదెట్ల?” అన్నారు. ఆ మాట అటు వస్తున్న నరసింహయ్య గారి చెవిన పడింది. ఆయన దాన్ని కాదనలేదు. కాదనడానికి తగిన ఆధారం తమ దగ్గర లేదని ఆయనకు తోచింది. తాము రాతిని అనుమానిస్తున్నారా, లేక రాతి పేరు పెట్టి ఆ అమ్మాయిని ఓర్వలేకపోతున్నారా? ఏ సూక్ష్మదర్శినీ చూపించలేని ఈ ప్రశ్నను వెంటబెట్టుకునే ఆ ఆదివారం మండికల్ బస్సెక్కారు.

పొలం యజమాని గురప్ప పాల క్యాన్లు కడుగుతున్నారు.

“ఆ రాయా? నాది గాదప్పా. పశువుల కొట్టం పునాదికి చింతామణి పక్క పాత క్వారీ నుంచి ట్రాక్టరులో తెప్పిస్తి. మిగిలిండేది గట్టు మింద ఏస్తి.”

“మా ఆఫీసమ్మకు చెప్పలేదా?”

“ఆయమ్మ అడగలేదే. ఫోటో తీసుకొని, సుత్తితో కొట్టి, నా రాయికి నాకే థ్యాంక్స్ చెప్పి పాయె.”

పుట్టిన చోటు తప్పయితే ఆ వర్ణన నిలవదు. అది అచ్చయ్యాక బయటపడితే, 'పొడి' లాంటి పేరొకటి చైత్ర గారికి జీవితాంతం అంటుకుంటుంది. తిరుగు బస్సులో నరసింహయ్య గారు ఆలోచించవలసింది ఇదే. కాని ఆయన గమనించింది మరొకటి: గురప్ప మాట వినగానే తమ లోపల ఏదో తేలికై, చల్లబడింది.

సోమవారం చైత్ర గారి గదికి వెళ్ళి తలుపు దగ్గరే నిలబడి చెప్పారు: “నువ్వు రాసిన చోటు తప్పమ్మా. ఆ సంగతి తెలవంగానే నాకు సంతోషమాయె. ఆ సంతోషం నాకు నచ్చలేదు. వారం దినాలు కాగితం పంపొద్దు. ఆ రాయి పుట్టిన చోటు నేను వెతుకుతా.”

చైత్ర గారు ప్రతిపాదన కాగితాలు పక్కన పెట్టారు. “దొరక్కుంటే?”

“దొరక్కుంటే నన్ను అనుమానించు, సరిగ్గా వెతికినానో లేదోనని.”

సెలవు పెట్టి నాలుగు రోజులు చింతామణి బస్సుల్లో తిరిగారు. సగం నీళ్ళు నిండిన ఆ పాత క్వారీలో నాలుగో నాడు, పడమటి గోడకు, భుజమెత్తున, వేలి వెడల్పు తెల్లని చార కనిపించింది. భూతద్దం పెట్టి చూస్తే తేనెరంగు రవ్వలు. గోడలోనే పుట్టి, గోడతోనే ఉన్నవి. సుత్తి చేతిలోనే ఉంది. ఆయన ఎత్తలేదు. ఫోను తీశారు.

“నువ్వే వచ్చి కొట్టమ్మా. నేను కొడితే, పొడి నరసింహయ్య యాడనుంచో తెచ్చి పెట్టినాడంటారు.”

చైత్ర గారు మరునాడు వచ్చి తమ చేత్తో ఆ నమూనా తీశారు. ప్రతిపాదనలో మండికల్ పోయి చింతామణి వచ్చింది.

2023 మార్చిలో ఆమోదం అందింది. అంతకు ముందే ఆ ఖనిజానికి నరసింహయ్య గారి పేరు పెడతామని చైత్ర గారు అడిగితే, “నా పేరు పెడితే ఇంక అనుమానించననుకుంటివా?” అని ఆయన ఒప్పుకోలేదు. ఆమోదపత్రం చేతికిచ్చిన రోజు మాత్రం, అలవాటు ప్రకారం రెండుసార్లు చదివి, కళ్ళద్దాలు తీసి, కాసేపు ఊరకే కూర్చున్నారు.

“ఏమప్పా, ఇందులో కూడా తప్పుండాదా?” అన్నారు చైత్ర గారు.

“లేదమ్మా. సంతోషమొచ్చింది. ఇది యాడిదని చూస్తాండా.” కళ్ళద్దాలు మళ్ళీ పెట్టుకుని అన్నారు: “మంచిదే అనిపిస్తాండాది.”

2025 జూలై 31వ తేదీన పదవీ విరమణ చేస్తున్న శ్రీ నరసింహయ్య గారు సుజాతమ్మ గారితో కూడి బాగేపల్లిలో నిండు ఆరోగ్యంతో, చెదరని చూపుతో, నూరేళ్ళకు మించి జీవించాలని సహోద్యోగులందరి ఆకాంక్ష. ఈ ఆకాంక్ష ఎంతవరకు నిజమని ఆయన తప్పక అడుగుతారు. ఆయన సెక్షన్లు దాచిన పరీక్షాలయం గాజుబీరువాలు తెరిచే ఉంటాయి; ఆయన ఎప్పుడైనా వచ్చి చూసుకోవచ్చు.